నడుం వాల్చిన గంట

ఆసుపత్రి బండి వచ్చేదాకా కాసేపు నడుం వాలుస్తానని చెప్పి అతను అమ్మ మంచం పక్కన, చాప కూడా వేసుకోకుండా, నేల మీద పడుకున్నాడు. కాళ్ళు ఎత్తులో పెట్టుకుంటే నొప్పి సర్దుకుంటుందని డాక్టరు చెప్పాడు గనక ప్లాస్టిక్ కుర్చీని దగ్గరకు లాక్కుని పిక్కలు దాని మీద ఆనించాడు. వంటగదిలోంచి తొంగిచూసిన అక్క, మహారాజుగారికి విసనకర్రతో విసరమంటారా అని అడిగింది. అతను నవ్వాడు. నవ్వు కూడా అక్కడికే వెళ్ళి తగిలింది. నడుముకు ఎడమపక్కన, కింద, ఎవరో మేకు దిగ్గొట్టి తల మాత్రం బయట వదిలేసినట్టుంది. మేకు అయితే ఒకచోట ఉంటుంది. ఇది ఉన్నచోట ఉండదు. కాసేపటికి తొడ వెనక్కి పాకుతుంది, పిక్కలో దాక్కుంటుంది, పోయిందిలే అనుకునేసరికి పాదం అంచున చీమలు బారు కడతాయి. వెల్లకిలా కాసేపు, కుడిపక్కకు కాసేపు, మళ్ళీ వెల్లకిలా. ఫ్యాను తిరిగినప్పుడల్లా ఒకసారి కిర్రుమంటోంది. ఆ కిర్రు కోసం ఎదురుచూడటం ఎందుకని తెలిసీ చెవి ఎదురుచూస్తోంది. వీధిలోంచి వినబడే ప్రతి హారనూ తమ బండిదే అనిపిస్తోంది, కాదని తేలాక చెవి మళ్ళీ కిర్రు దగ్గరకే వస్తోంది.

మధ్యాహ్నంలోపు చేరకపోతే పడక ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. అమ్మ గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కాళ్ళు ఆమెను మొయ్యడం మానేశాయి. మంచం మీంచి గుమ్మం దాకా రావడమే ఇప్పుడామెకు ఊరు మారినంత పని. ఉండేది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, స్ట్రెచరు ఈ మెట్ల మలుపుల్లో తిరగదు. బండివాళ్ళు ఫోనులో, ఎత్తుకుని దించడానికి ఇద్దరు మనుషుల్ని పంపమంటారా అని అడిగారు. అడిగింది అక్కని. అక్క ఫోను చెవి దగ్గరే ఉంచుకుని అతనివైపు చూసి, ఎందుకండీ, మా తమ్ముడి పనే అది, ఫ్రిజ్‌లూ బీరువాలూ దించేవాడికి మా అమ్మ ఒక లెక్కా, డ్రైవర్ని పంపండి చాలు అంది. అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాడు కూడా. అంతలో అమ్మ దిండు మీంచి తల తిప్పి, దూదిమూటనిరా ఇప్పుడు, నీ వీపు మీద ఉన్నట్టు కూడా తెలీదు నీకు అంది. తెరిచిన నోటితో ఆవలించి ఊరుకున్నాడు.

దూదిమూటే, ఆ మాట నిజం. కానీ బరువు గురించి మాట్లాడేది చూసేవాళ్ళు. మోసేవాళ్ళు పట్టు గురించి మాట్లాడుకుంటారు, మలుపు గురించి, చెమట గురించి. పరుపులో ఉండేదీ దూదే, అయినా మెట్ల మలుపులో పరుపు పెట్టినన్ని తిప్పలు ఇనప్పెట్టె పెట్టదు. అసలు అతని నడుము మొదటిసారి పట్టేసింది ఏ బీరువా కిందా కాదు, స్నానాలగదిలో. సబ్బు జారి మూలకు పోయింది, వంగాడు, అంతే, లేవలేకపోయాడు. ఒక చేత్తో కుళాయి, ఒక చేత్తో గోడ పట్టుకుని ఒంటిమీద నీళ్ళు ఆరిపోయేదాకా అలాగే ఉండిపోయాడు. లోపలే కాపురం పెట్టావా అని భార్య తలుపు కొట్టింది. తలుపు తీసిన మనిషిని చూసి తువ్వాలు కప్పి భుజం పట్టుకుంది. ఇన్నేళ్ళు వాషింగ్ మెషీన్లు మోసిన నడుము సబ్బుబిళ్ళ దగ్గర ఓడిపోయిందే అని తనే నవ్వబోతే ఆమె నవ్వలేదు. ఆమె పనిచేసేది బట్టలు కుట్టే కంపెనీలో. రోజంతా మెడలు వంచి కూర్చునే ఆడవాళ్ళ మధ్య నొప్పి దాచుకునే సంగతి కాదు. ఎవరికి ఎక్కడ, ఏ మాత్ర, ఏ నూనె, అన్నీ టిఫిన్ డబ్బాలతోపాటు బయటపడతాయి. మోసేవాళ్ళలో అలా లేదు. నడుం నొప్పి అని ఒక్కసారి అంటే ఆ మాట మనిషికంటే ముందు పనిచేసే గోడౌనుకు వెళుతుంది. ఎవరూ ఏమీ అనరు. పెద్ద సామాను వచ్చినప్పుడు మాత్రం కళ్ళు అతన్ని దాటి పక్కవాడి మీద ఆగుతాయి. అలా ఆగిన కళ్ళని ఇంకొకరి విషయంలో అతను చూశాడు. ఆ ఇంకొకరు ఇప్పుడు గోడౌను ముందు అట్టపెట్టెలు మడతపెడుతుంటాడు, వంగి కూడా కాదు, స్టూలు మీద కూర్చుని.

కుర్చీ మీది కాలు తిమ్మిరెక్కింది. దించి, మళ్ళీ ఎక్కించాడు. మంచం మీద అమ్మ ఊపిరి పీల్చిన ప్రతిసారీ లోపల ఎక్కడో నీళ్ళు కదిలిన చప్పుడు. అది వినకూడదనుకున్నాడు, వినకుండా ఉండటానికి మెట్లు తలచుకున్నాడు. ఏ మెట్లయినా సామానుకి ఇద్దరు కావాలి, పైన ఒకడు, కింద ఒకడు. కింద మనిషి వెనక్కి దిగుతాడు, వాడికి మెట్టు కనబడదు, పైవాడి నోరే వాడి కన్ను. బరువు మాత్రం కిందవాడిది. పెళ్ళికి ముందు నుంచీ అతను కింద మనిషే. వీడు కింద ఉంటే గోడ కట్టినట్టే అని ఎవరో అన్నారు, ఆనాటి నుంచి గోడౌనులో అతని పేరు గోడ. జోడీ పేరు గెడ్డం. గెడ్డం గీసేసి ఏళ్ళయింది గానీ పేరు గీసుకోవడం ఎవరి తరమూ కాదు. సబ్బు సంగతి జరిగాక అతను, కొత్త బూట్లు జారుతున్నాయిరా, కొన్నాళ్ళు నేను పైన ఉంటా అన్నాడు. గెడ్డం కిందికి వెళ్ళాడు. బూట్లు పాతబడ్డాయి, మడమలు అరిగాయి, గెడ్డం ఒక్కసారి కూడా బూట్లవైపు చూడలేదు. ఆ చూడకపోవడమే ఇప్పుడు, ఈ నేల మీద, ఎక్కువ గుచ్చుకుంటోంది.

పడుకున్నావా అని అమ్మ అడిగింది. లేదమ్మా అన్నాడు. పడుకో, మెట్లు దిగాలి కదా అంది. దిగాలి. మెట్లు దిగడం నేర్పిన ముసలి మేస్త్రీ పనికిరాని ఫ్రిజ్ ఒకటి తెప్పించి, దాంట్లో ఇసుక మూటలు పెట్టి, గోడౌను మెట్ల మీద అతనిచేతా గెడ్డంచేతా ఎక్కించి దింపించేవాడు. తాను పక్కన నిలబడి, బుద్ధి పుట్టిన మెట్టు మీద, విడు, అని అరిచేవాడు. ఆ కేక వింటూనే ఇద్దరూ చేతులు వదిలి గోడకు అతుక్కుపోవాలి. ఎందుకు అని ఒక్క క్షణం ఆలోచించినవాడి వీపు మోగేది. సరుకు పగిలితే ఇంకోటి కొంటార్రా, నిన్ను పగలగొట్టుకుంటే మీ అమ్మ ఏ కొట్లో కొంటుంది అనేవాడు. ఫ్రిజ్ సొట్టలు పడీ పడీ గుండ్రంగా తయారైంది. చేతులకు ఆ చదువు వచ్చేసింది. జారుతోందని తలకు తెలిసేలోపే వేళ్ళు విచ్చుకుంటాయి. కాళ్ళూ చేతులతో ఇన్నాళ్ళు బతికి ఉన్నారంటే ఇద్దరూ ఆ చదువు వల్లే. పనిలో పట్టు జారినవాడే అరవాలి, ముందు కేక, తర్వాత చేతులు. ఆ వరుస మాత్రం తప్పకూడదు.

పోయిన వారం తప్పింది. ఇరుకు మెట్లు, వాషింగ్ మెషీన్, పైన అతను. ఒక మెట్టు దిగడానికి కాస్త వంగాడు, వంగినచోట మెరుపు. అబ్బా అనేంత వ్యవధి కూడా లేదు. నడుము పట్టేసింది, ఆ పట్టు చేతులకు జారుడులా అర్థమైంది, వేళ్ళు విచ్చుకున్నాయి. కేక రాలేదు. కిందనుంచి గెడ్డం కళ్ళు పైకి లేచి అతన్ని చూడటం ఇప్పటికీ కనబడుతూనే ఉంది, వాటిల్లో భయం లేదు, ఏంట్రా అన్నట్టు ఉన్నాయి, అంతే. గెడ్డం పక్కకు దూకాడు. మెషీన్ వెళ్ళి మలుపు గోడకు గుద్దుకుంది, దాని మూత ఊడి ఒక్కటే మెట్లన్నీ దొర్లుకుంటూ పోయింది. తలుపులు తెరుచుకున్నాయి. ఇంటివాళ్ళు పైనుంచి పరుగెత్తుకొచ్చేలోగా గెడ్డం, గీరుకుపోయిన అరచేత్తోనే, భుజం మీది బరువు మోసే పట్టీ విప్పి, అట్టపెట్టెలు కోసే బ్లేడుతో దాన్ని సగం దాకా కోసి, మిగతా సగం చించాడు. పట్టీ తెగిందండీ అని చూపించి తిట్లన్నీ తను తిన్నాడు. కిందికొచ్చాక కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటూ, తలెత్తకుండా అన్నాడు. "నువ్వు వదల్లేదు. నీ చేతులు వదిలాయి. అది నేను చూశాను. ఇక చెప్పాల్సింది నువ్వేరా."

చెప్పలేదు. అమ్మకు బాగోలేదని సెలవు పెట్టాడు. అమ్మకు బాగోలేదన్నది నిజమే గనక ఆ మాట సునాయాసంగా నోట్లోంచి వచ్చింది. జోడీ లేని గెడ్డం ఈ వారమంతా ఊరికే కూర్చున్నాడని విన్నాడు. ఇంట్లో మాత్రం అమ్మకి పండగలా ఉంది. కింది అంతస్తులో ఇంట్లోనే బట్టలు కుట్టే ఆవిడ చూడటానికి వస్తే, ఆయాసం ఆపుకుంటూనే, మావాడు పని మానుకుని నా పక్కనే కూర్చున్నాడమ్మా అని చెప్పింది. ఎప్పుడో అతను ఒంటరిగా దించిన టేబులు సంగతి కూడా చెప్పింది. ఆ టేబులు ఆమె చెప్పినకొద్దీ పెరుగుతూ వచ్చి ఈమధ్య బీరువా అయింది. అతను పక్క గదిలో గోడకు ఆనుకుని నిలబడి, కూర్చోలేక, అదంతా విన్నాడు. ఇవాళ పొద్దున భార్య డబ్బా సర్దుకుంటూ, గొంతు తగ్గించి, చెప్పెయ్ అంది. ఆవిడ ప్రాణం నీ వీపు మీద పెడుతున్నారు, పెట్టేవాళ్ళకి ఆ సంగతి తెలియొద్దా అంది. చూద్దాంలే అన్నాడు. చూడటానికేముంది, నువ్వు పడితే ఇద్దరూ పడతారు అని, చెప్పులు వేసుకుని, మళ్ళీ వెనక్కి వచ్చి అతని చొక్కా గుండీ ఒకటి పెట్టి వెళ్ళింది.

ఇద్దరూ పడతారు. కళ్ళు మూసుకుని అతను మెట్లు దిగడం మొదలుపెట్టాడు. అమ్మ వీపు మీద. ఆమె చేతులు మెడ చుట్టూ, ఆమె మోకాళ్ళ కింద తన చేతులు. నాలుగో అంతస్తు మెట్లు నయం, వెలుతురు ఉంటుంది. మూడో అంతస్తువాళ్ళు చెప్పులన్నీ మెట్ల మీదే విడుస్తారు, అక్కను ముందు పంపి తీయించాలి. తర్వాతి మలుపులో సైకిలు. అక్కడ పక్కకు తిరగాలి, తిరిగితే నడుం మెలి పడుతుంది, మెలిపడినచోట మెరుపు. అక్కడికి వచ్చేసరికి వేళ్ళు విచ్చుకుంటున్నాయి. మళ్ళీ మొదటి నుంచి. వెలుతురు, చెప్పులు, మలుపు, సైకిలు. విచ్చుకుంటున్నాయి. పట్టీతో ఆమెను తన ఒంటికి కట్టేసుకుంటే? చేతులు వదిలినా ఆమె ఉంటుంది. ఉంటుంది, అతను పడిన చోటికి ఆమె కూడా వస్తుంది. సైకిలు తీయించేస్తే? సైకిలు కాదు కదా అసలు సంగతి. ఫ్రిజ్ పోతే ఇంకోటి కొంటారు. అతను కళ్ళు తెరిచాడు. ఇందాకటి నుంచీ అందరూ దించడం గురించే మాట్లాడుతున్నారు, అక్కా, బండివాళ్ళూ, తనూ. మళ్ళీ పైకి ఎక్కించడం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఆ ఆలోచన దగ్గర ఆగడానికి ధైర్యం చాలక కుడిపక్కకు తిరిగాడు. గదిలో అక్క సంచీ సర్దుతోంది, దువ్వెన ఎక్కడ పెట్టావే అని అమ్మని అడుగుతోంది, అమ్మ, నెత్తిన నాలుగు వెంట్రుకలకు దువ్వెన దేనికే, నువ్వే చేత్తో సర్దు అంటోంది. తువ్వాలు, మందులు, అమ్మ కళ్ళజోడు, మార్చుకునే చీర. ఒకటే చీర పెట్టింది అక్క. కాసేపాగి ఇంకొకటి పెట్టింది.

హారను మోగింది. ఈసారి తమదే, రెండు పొట్టివి, ఒక పొడుగుది. అక్క కిటికీలోంచి చెయ్యి ఊపి, దించేస్తున్నాం అని అరిచింది. అతను పక్కకు దొర్లి, మోచేతి మీద లేచి, మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. అక్క అమ్మని లేపి మంచం అంచున కూర్చోబెట్టింది, కాళ్ళు కిందికి వేలాడేసింది. అమ్మ పాదాలు ఉబ్బి ఉన్నాయి, వాటికి చెప్పులు పట్టవని అక్క సాక్సులు తొడిగింది. రా అంది. అతను మంచానికి వీపు పెట్టి గొంతుక్కూర్చున్నాడు. నడుము ఒక్క పోటు పొడిచి ఆగింది. అమ్మ చేతులు వచ్చి అతని మెడ చుట్టూ పడ్డాయి, పొడిగా, వేడిగా. ఆమె గడ్డం అతని భుజం మీద ఆనింది. నీళ్ళు కదిలే ఆ చప్పుడు ఇప్పుడు చెవి పక్కనే ఉంది. అతను చేతులు వెనక్కి పెట్టి ఆమె మోకాళ్ళ కింద పట్టుకున్నాడు. వేళ్ళు బిగించాడు. బిగించిన వేళ్ళని చూద్దామనుకున్నాడు, అవి వెనక ఉన్నాయి, కనబడలేదు. లేవడమే తరువాయి. లే అంది అక్క.

"నేను ఎత్తలేనమ్మా," అన్నాడు.

గొంతుక్కూర్చుని, గుమ్మంవైపు చూస్తూ అన్నాడు. అక్క ముందు అర్థం కానట్టు చూసింది, తర్వాత కోపం తెచ్చుకుంది. ఇదేం వేళాకోళం, కింద బండి నిలబడి ఉంది, ఊళ్ళోవాళ్ళ సామాన్లన్నీ మోస్తావు, కన్నతల్లి బరువైపోయిందా అంది. అతను మోకాళ్ళ కింద నుంచి చేతులు తీసి నేలమీద ఆనించుకున్నాడు. నడుము పోయిందక్కా, నెలలైంది, పోయిన వారం మెట్ల మీద మెషీన్ వదిలేశాను, గెడ్డం చావబోయాడు అన్నాడు. అంత పొడుగు మాట ఎలా వచ్చిందో తెలియదు, వచ్చింది. అక్క చేతిలో సంచీ అలాగే ఉంది. మరి ఫోనులో మాట్లాడుతుంటే నా మొహం చూస్తూ కూర్చున్నావేం అని మాత్రం అడిగింది. అతను కూర్చున్నచోటి నుంచే ఫోను తీసి గెడ్డానికి చేశాడు. ఒకర్ని దించాలిరా అన్నాడు. ఎవర్ని అని గెడ్డం అడిగాడు. అమ్మని. నువ్వు ముట్టుకోకు, వస్తున్నా అని పెట్టేశాడు.

అమ్మ చేతులు ఇంకా అతని మెడ చుట్టూనే ఉన్నాయి. తీసేస్తుందనుకున్నాడు. తీయలేదు. ఒక చెయ్యి మాత్రం మెడ వదిలి, వీపు మీదుగా, చొక్కా మడతల్ని తడుముకుంటూ కిందికి దిగింది. ఆమె వేలు నడుం దగ్గర ఎడమపక్కకు తిరిగి, ఎవరూ చెప్పకుండానే, ఆగాల్సిన చోట ఆగింది.

"ఇక్కడేనా?"

"ఊఁ."

"నీకంటే ముందు నాకొచ్చింది ఇది," అంది అమ్మ, ఒక్కో మాటకూ ఊపిరి తెచ్చుకుంటూ. "లాడ్జీలో పనిచేస్తూ తడి దుప్పట్లు పిండినన్నాళ్ళూ."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?"

అక్క సంచీ కింద పెట్టి, ఇద్దరూ ఇద్దరే అని కిటికీ దగ్గరకు వెళ్ళి అటు తిరిగి నిలబడింది. కింద మళ్ళీ హారను. అమ్మ ఆ చోటును వేలితో నొక్కుతూనే ఉంది, ఆ నొక్కులో బలమేమీ లేదు, పిల్లి కాలు పెట్టినట్టుంది. కానీ పొద్దుటి నుంచీ ఒక్కచోట ఉండని నొప్పి ఆ వేలి కింద కాసేపు నిలబడింది. సెలవు కూడా నీ కోసం పెట్టలేదమ్మా అని అన్నాడు, చెప్పేటప్పుడు అన్నీ చెప్పెయ్యాలని. ఆమె వేలు ఆగింది. కుట్టే ఆవిడకి అంత గొప్పగా చెప్పానే అంది. మళ్ళీ నొక్కుతూ, సర్లే, దాన్ని మార్చకు, చెప్పింది చెప్పినట్టే ఉండనీ అంది.

గెడ్డం వచ్చేటప్పుడు ఒంటరిగా రాలేదు. డ్రైవర్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. నా పని బండి నడపడమేనండీ అని మెట్లన్నీ అంటూనే ఎక్కాడట డ్రైవరు. అన్నా, నడిపేందుకు ముందు బండిలో మనిషంటూ ఉండాలి కదా అని గెడ్డం అతని భుజం తట్టాడు. వంటగదిలోంచి చేతుల్లేని చెక్క కుర్చీ తెచ్చి, ఊపి చూసి, అమ్మని దాంట్లో కూర్చోబెట్టి, వెంట తెచ్చిన కొత్త పట్టీ రెండు చుట్లు తిప్పి కట్టాడు. డ్రైవరు పైన, తను కింద. అక్కని ముందు పంపి చెప్పులు తీయించాడు, సైకిలు జరిపించాడు. అతను సంచీ అందుకోబోతే, తిరిగొచ్చిన అక్క లాక్కుని మళ్ళీ దిగింది.

"మరి నేనేం చెయ్యను?"

"నోరుంది కదరా," అన్నాడు గెడ్డం. "నాకు మెట్లు కనబడవు. ముందు దిగుతూ చెప్పు."

అతను మెట్ల మీదకు వచ్చాడు. వెనక్కి తిరిగి, రెయిలింగు పట్టుకుని, వాళ్ళకు ఎదురుగా నిలబడ్డాడు. చేతుల్లో ఏమీ లేకుండా మెట్ల మీద నిలబడటం ఎలాగో అతనికి తెలియదు. ఒక చెయ్యి గోడకు పెట్టి చూశాడు, తీసేశాడు. కుర్చీ గుమ్మం దాటి వచ్చింది. గెడ్డం వీపు కనబడింది, దాని మీదుగా అమ్మ మొహం, కాస్త బెదిరి, కాస్త సిగ్గుపడి, ఊరేగుతున్నట్టు. మెట్టు అన్నాడు. కుర్చీ ఒక మెట్టు దిగింది. మెట్టు. ఇంకొకటి. నడుములో మెరుపు వచ్చింది, అతను ఆగిపోయి రెయిలింగు మీద వాలాడు, పైన ముగ్గురూ ఆగారు. పడక పోతుందేమోనని అక్క కిందనుంచి కేక వేసింది. వస్తున్నాం అని నిటారుగా కావడానికి కంగారుపడ్డాడు.

"మెల్లగా దిగు నాన్నా," అంది అమ్మ కుర్చీలోంచి. "నాకేం తొందర లేదు."